విశ్వవిద్యాలయాల్లో కాపీయింగ్ ఎందుకు ఆగడం లేదు? తరచుగా అడిగే ప్రశ్నలు

సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ వెలువడిన ప్రతిసారీ హన్మకొండ, కాజీపేట, హుజూరాబాద్ ప్రాంతాల తల్లిదండ్రులు, విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులు నన్ను దాదాపు అవే సందేహాలు అడుగుతుంటారు. ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ తరగతులకు భౌతికశాస్త్రం బోధించి, ఇన్విజిలేషన్, స్క్వాడ్, మూల్యాంకనం విధులన్నీ చేసిన అనుభవంతో వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా దాని జవాబు అక్కడే దొరుకుతుంది.

## చేరిన కొత్తలో

కాపీ కొట్టింది పిల్లవాడైతే వ్యవస్థను ఎందుకు నిందిస్తారు?

కాపీ కొట్టిన విద్యార్థి తాను చేసిన పనికి తానే బాధ్యుడు, అందులో సందేహం లేదు. అయితే ఒక సబ్జెక్టు పరీక్షకు ఖాళీ చేతులతో వచ్చిన విద్యార్థే రెండు రోజుల తర్వాత మరో సబ్జెక్టు పరీక్షకు చిట్టీలతో రావడం నేను ఎన్నోసార్లు చూశాను. రెండు రోజుల్లో అతని స్వభావం మారిపోదు. విచారిస్తే మొదటి సబ్జెక్టులో పాఠం జరిగిందనీ, రెండో సబ్జెక్టులో సిలబస్ సగం కూడా కాలేదనీ తెలిసేది. అమెరికాలో విలియం బవర్స్ 99 కళాశాలల్లో 5 వేల మందికి పైగా విద్యార్థులను అడిగి 1964లో వెలువరించిన సర్వేలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఏదో ఒక రకమైన అక్రమాన్ని ఒప్పుకున్నారు. తర్వాత 1993లో డొనాల్డ్ మెకేబ్, లిండా ట్రెవినో ప్రచురించిన అధ్యయనంలో, తోటివారు ఏం చేస్తున్నారని విద్యార్థి అనుకుంటున్నాడో అదే అన్నిటికన్నా బలంగా అతని నడవడికను ప్రభావితం చేస్తుందని తేలింది. పది మందిలో ఒకడు తప్పు చేస్తే ఆ ఒకడిని మందలించాలి. ఏడుగురో ఎనిమిది మందో చేస్తున్నప్పుడు వాళ్లు కూర్చున్న తరగతిని, రాస్తున్న ప్రశ్నపత్రాన్ని, దిద్దుతున్న చేతులను కూడా పరిశీలించక తప్పదు.

ఇంటర్‌లో 900 మార్కులు దాటిన మా అమ్మాయి డిగ్రీలో చిట్టీలు రాసుకునే స్థితికి ఎందుకు వచ్చింది?

మన దగ్గర ఇంటర్ చదువు చాలావరకు స్టడీ అవర్ల మీద నడుస్తుంది. తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టేవారు, వారం వారం పరీక్ష పెట్టేవారు, తప్పిన జవాబును పదిసార్లు రాయించేవారు ఉంటారు. డిగ్రీలో చేరిన రోజున ఆ కాపలా అంతా ఒక్కసారిగా తొలగిపోతుంది, కానీ పుస్తకం తెరిచి తనంతట తాను అర్థం చేసుకునే అలవాటును అప్పటివరకు ఎవరూ నేర్పి ఉండరు. మొదటి సెమిస్టర్ ముగిసేసరికి చదవాల్సింది కొండంత కనిపిస్తుంది. మొదటి నెలలోనే పాఠ్యపుస్తకం ఎలా చదవాలో, నోట్సు ఎలా రాసుకోవాలో నేర్పే తరగతులు పెట్టిన చోట ఈ భయం బాగా తగ్గడం నేను గమనించాను. మీ అమ్మాయిని ముందుగా ఏ పాఠం అర్థం కావడం లేదో అడగండి. మార్కుల గురించి తర్వాత మాట్లాడవచ్చు.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ మీడియం డిగ్రీలో చేరాడు. గైడు బట్టీ పట్టకపోతే ఎలా పాసవుతాడు?

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రుల బాధ న్యాయమైనది. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి విషయం అర్థమవుతుంది, దాన్ని ఇంగ్లిష్ వాక్యంలో పెట్టడం రాదు. అలాంటి విద్యార్థికి గైడులోని వాక్యమే ఏకైక వాక్యమవుతుంది. అది జ్ఞాపకం రాని క్షణంలో తనకు తెలిసిన విషయం కూడా రాయలేక చిట్టీ కోసం చూస్తాడు. తరగతిలో భావనను తెలుగులో వివరించి, పారిభాషిక పదాలను రెండు భాషల్లోనూ బోర్డు మీద రాసి, చిన్న చిన్న వాక్యాల్లో జవాబు రాయించే అభ్యాసం మొదటి రెండు సెమిస్టర్లలో తప్పనిసరిగా జరగాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన డిగ్రీ పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టుకొని ఇంగ్లిష్ పుస్తకం చదివితే గైడు అవసరం చాలావరకు తీరిపోతుంది. తెలుగులో పరీక్ష రాసే అవకాశం ఉన్న కోర్సుల్లో దాన్ని వాడుకోవడం చిన్నతనం కాదని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

## సెమిస్టర్ నడుస్తున్నప్పుడు

ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు అందరూ చూసి రాసేవే కదా, దాన్ని కూడా కాపీయింగ్ అంటారా?

అనాలి. నా దృష్టిలో విశ్వవిద్యాలయ స్థాయి కాపీయింగ్‌కు అసలు పుట్టుక అక్కడే. నేను పనిచేసిన ఒక కళాశాలలో కాంతి వంగే కోణాలను కొలిచే స్పెక్ట్రోమీటర్ రెండేళ్లపాటు చెడిపోయి ఉంది. ఆ రెండేళ్లూ విద్యార్థుల రికార్డుల్లో ఆ ప్రయోగం పూర్తయింది. కోణాల రీడింగులు డిగ్రీలు, నిమిషాల వరకు సరిగ్గా ఉన్నాయి, వక్రీభవన గుణకం పుస్తకంలో ఉన్నంతే వచ్చింది, ప్రతి పేజీ కింద అధ్యాపకుడి సంతకం ఉంది. ఆ సంతకాలు పెట్టినవారిలో నేనూ ఉన్నాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. పరికరం బాగు చేయించమని రెండుసార్లు రాసి ఊరుకున్నాను, మూడోసారి రాయలేదు.

ఆ సంతకం విద్యార్థికి నేర్పిన పాఠం ఏమిటో ఆలోచించండి. పని జరగకపోయినా కాగితం నిండితే చాలు, కాగితం నిండితే మార్కులు వస్తాయి, మార్కులు వేసేవారికి కూడా అది అబద్ధమని తెలుసు. మొదటి సంవత్సరంలోనే ఇంత స్పష్టంగా నేర్చుకున్నవాడు పరీక్ష గదిలో చిట్టీ తీస్తే మనం ఆశ్చర్యం నటించడంలో అర్థం లేదు. అసైన్‌మెంట్ల పరిస్థితీ ఇంతే. అరవై మందికి ఒకే ప్రశ్న ఇచ్చి, తెరవకుండానే కట్టకట్టి, అందరికీ ఒకే మార్కు వేసినప్పుడు స్వయంగా కూర్చొని రాసిన ఒకరిద్దరు కూడా రెండోసారి రాయరు.

పరికరం లేకపోతే ఆ ప్రయోగాన్ని జాబితా నుంచి తీసివేసి, చేయగలిగిన ఆరు ప్రయోగాలు నిజంగా చేయించడం మేలు. రికార్డులో ప్రతి విద్యార్థికీ వేర్వేరు రీడింగులు రావాలి, తప్పు వచ్చిన రీడింగుకు కారణం రాసినవారికి మార్కు తగ్గకూడదు, ఇంకా చెప్పాలంటే పెరగాలి.

లెక్చరర్ల కొరతకూ కాపీయింగ్‌కూ సంబంధం ఏమిటి?

ఉత్తర తెలంగాణలో 1976లో కాకతీయ, 2006లో తెలంగాణ, 2008లో శాతవాహన విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. కళాశాలలు, కోర్సులు పెరిగినంతగా శాశ్వత నియామకాలు జరగలేదు, పదవీ విరమణ చేసినవారి స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. బోధన భారం కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ అధ్యాపకుల మీద పడింది. వారిలో ఎంతో సమర్థులు ఉన్నారు. కానీ పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే మనిషి రెండు కళాశాలల మధ్య బస్సులో తిరుగుతూ అరవై అసైన్‌మెంట్లు చదివి వ్యాఖ్యలు రాయాలని ఆశించడం అన్యాయం. చదివేవారు లేని చోట రాసేవారు కూడా ఉండరు. అధ్యాపకుడు తన పేరు పెట్టి పిలిచే తరగతిలో విద్యార్థికి కాపీ కొట్టడం కష్టమవుతుంది, మూడు నెలలకొకసారి మారిపోయే అధ్యాపకుడికి పేర్లు తెలిసే అవకాశమే లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాపీయింగ్ ఎలా పెరుగుతుంది?

రీయింబర్స్‌మెంట్ డబ్బు రాకపోతే చిన్న ప్రైవేటు కళాశాల మొదట కోత పెట్టేది అధ్యాపకుల జీతాల్లోనే. బకాయిల కోసం యాజమాన్యాలు బంద్‌లు పాటించిన సందర్భాలు మనకు తెలుసు. మరోవైపు, సర్టిఫికెట్లు చేతికి రావాలంటే ముందు ఫీజు కట్టమంటారన్న భయంతో విద్యార్థి రాత్రిళ్లు డెలివరీ పనికో, పెట్రోలు బంకుకో, ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్‌కో వెళ్తాడు. పథకం వర్తించాలంటే 75 శాతం హాజరు ఉండాలి కాబట్టి పగలు వచ్చి వెనుక బెంచీలో కునుకు తీస్తాడు. చదవడానికి సమయం దొరకని ఈ విద్యార్థి చిట్టీ రాసుకోవడం తప్పే. ఆ తప్పుకు ముందు ఎన్ని తప్పులు జరిగాయో కూడా లెక్కించాలి.

## పరీక్ష గదిలో

సీసీ కెమెరాలు, జంబ్లింగ్ (వేరే కళాశాల కేంద్రంలో పరీక్ష రాయించడం), ఫ్లయింగ్ స్క్వాడ్‌లు పెడితే సరిపోదా?

అవి అవసరమే, నిజాయితీగా రాసేవారికి రక్షణ కూడా. అయితే అవి కాపీని పట్టుకుంటాయి గాని కాపీ కొట్టాల్సిన అవసరాన్ని తగ్గించవు. కాపలా పెరిగిన కొద్దీ మార్గాలు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు చేత్తో రాసిన చిట్టీ ఉండేది, తర్వాత గైడు పేజీలను వేలెడంత కాగితం మీదికి కుదించే మైక్రో జెరాక్స్ వచ్చింది, ఇప్పుడు ఫోనూ చెవిలో పెట్టుకునే పరికరాలూ వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో మన హన్మకొండ జిల్లా కమలాపూర్ కేంద్రం నుంచి పదో తరగతి హిందీ ప్రశ్నపత్రం పరీక్ష జరుగుతుండగానే వాట్సాప్‌లోకి వచ్చిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ గుర్తుంది.

సెల్ఫ్ సెంటర్లలో చూసీచూడనట్టు వదిలేస్తారని అంటారు, నిజమేనా?

సెల్ఫ్ సెంటర్ అంటే విద్యార్థి చదివే కళాశాలే పరీక్ష కేంద్రం కావడం. అన్నిచోట్లా అలా జరగదు. జరిగే చోట దాని వెనుక లెక్క ఉంటుంది. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఉమ్మడి ప్రవేశాల విధానం ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. విద్యార్థులు ఎంచుకోకపోతే సీట్లు ఖాళీగా మిగులుతాయి, ఉత్తీర్ణత శాతం పడిపోతే ఎంచుకునేవారు తగ్గుతారు. గదిలో నిలబడిన ఇన్విజిలేటర్ అదే యాజమాన్యం దగ్గర నెలజీతానికి పనిచేస్తున్నప్పుడు, తన విద్యార్థిని పట్టుకుంటే తన ఉద్యోగానికే ముప్పు అని అతనికి తెలుసు. ఈ ఒత్తిడిని వ్యక్తిగత ధైర్యానికి వదిలేయకూడదు. ఇన్విజిలేటర్లను వేరే కళాశాలల నుంచి పంపి, వారి భత్యాన్ని విశ్వవిద్యాలయమే నేరుగా చెల్లించి, ఫిర్యాదు రాసినవారి పేరు బయటికి రాకుండా చూడాలి.

ప్రశ్నపత్రం ఎలా ఉంటే చిట్టీ పనికిరాకుండా పోతుంది?

గత అయిదేళ్ల పేపర్లు ముందు పెట్టుకొని ఇరవై ఇంపార్టెంట్ ప్రశ్నలు గుర్తిస్తే పాసైపోయే పరిస్థితి ఉన్నంతకాలం చిట్టీకి విలువ ఉంటుంది. లఘులోలకం గురించి వివరించమని అడిగితే గైడులోని పేజీ అలాగే దిగుతుంది. దానికి బదులు అయిదు పొడవులకు డోలనావర్తన కాలాల పట్టిక ఇచ్చి, అందులో 100 సెంటీమీటర్ల పొడవుకు 2.4 సెకన్లు అని ఒక తప్పు రీడింగు ఉంచి, ఏది తప్పో ఎలా తెలిసిందో రాయమంటే జేబులో ఏ కాగితం ఉన్నా ఉపయోగపడదు. ఆ పొడవుకు దాదాపు 2 సెకన్లు రావాలని తెలిసినవారు రెండు వాక్యాల్లో జవాబు రాస్తారు. చరిత్ర బోధించే నా సహాధ్యాపకుడు కాకతీయుల నీటిపారుదల గురించి అడిగేటప్పుడు పాఖాల, రామప్ప చెరువుల వివరాలు ప్రశ్నలోనే ఇచ్చి, విద్యార్థి తన ఊరి చెరువు తూము, మత్తడి, ఆయకట్టులతో పోల్చమంటాడు. పక్క బెంచీవాడిది పక్క ఊరు కాబట్టి చూసి రాయడానికి ఏమీ ఉండదు. ఇలాంటి ప్రశ్నలు తయారు చేయడానికి సమయం పడుతుంది, దిద్దడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ప్రశ్నపత్రం కూర్చేవారికి, పేపర్లు దిద్దేవారికి ఇచ్చే పారితోషికం, గడువు ఈ శ్రమకు తగినట్టు లేకపోతే పాత పేపరే తేదీ మార్చుకొని మళ్లీ వస్తుంది.

విదేశాల్లో ఇన్విజిలేటర్ లేకుండా పరీక్షలు పెడతారట, ఇక్కడ సాధ్యమా?

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1842 నుంచి, స్టాన్‌ఫర్డ్‌లో 1921 నుంచి నిజాయితీగా రాస్తామన్న విద్యార్థుల ప్రమాణం మీద ఆధారపడే పద్ధతి ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో కూడా ఇటీవల పర్యవేక్షణను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మన దగ్గర విభాగం స్థాయి చిన్న పరీక్షల్లో ప్రయత్నించవచ్చు, ముఖ్యంగా పీజీ తరగతుల్లో. సెమిస్టర్ పరీక్షకు ఇంకా సమయం రాలేదు.

## పట్టుబడ్డాక

మాల్‌ప్రాక్టీస్‌లో బుక్ చేస్తే జైలుకు పంపుతారా? 2024 చట్టం మాకు వర్తిస్తుందా?

కేంద్రం 2024లో తెచ్చిన పరీక్షల అక్రమాల నిరోధక చట్టం యూపీఎస్సీ, ఎస్సెస్సీ, రైల్వే, బ్యాంకు నియామక పరీక్షలకూ, ఎన్‌టీఏ నిర్వహించే ప్రవేశ పరీక్షలకూ ఉద్దేశించినది. పేపర్ లీక్ చేసేవారికి, ముఠాలకు 3 నుంచి 10 ఏళ్ల వరకు శిక్షలు అందులో ఉన్నాయి, సెమిస్టర్ పరీక్ష రాసే విద్యార్థి దాని పరిధిలోకి రాడు. 1997లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం తెలంగాణలో అమల్లో ఉంది, లీకేజీ వంటి తీవ్రమైన కేసుల్లో పోలీసులు దాన్ని ప్రయోగిస్తారు. గదిలో చిట్టీతో దొరికిన విద్యార్థి విషయం సాధారణంగా విశ్వవిద్యాలయ క్రమశిక్షణ నిబంధనల ప్రకారమే తేలుతుంది. ఉదాహరణకు జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధనల్లో చిట్టీ దగ్గర ఉంటే ఆ సబ్జెక్టు రద్దవుతుంది, దాన్ని చూసి రాస్తూ దొరికితే ఆ సెమిస్టర్‌లో రాసిన మిగతా సబ్జెక్టులూ రద్దవుతాయి, ఒకరి బదులు మరొకరు రాస్తే వ్యవహారం పోలీసుల దాకా వెళ్తుంది.

శిక్ష ఇంకా కఠినంగా ఉంటే భయపడి మానేస్తారు కదా?

శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే దొరకడం ఎంత ఖాయమన్నది ఎక్కువ పనిచేస్తుంది. శిక్ష మరీ పెద్దదైతే ఇన్విజిలేటర్ చేయి వెనకాడుతుంది. ఒక సంవత్సరం చివరి సెమిస్టర్ పరీక్షలో ఒక అమ్మాయి దగ్గర చిట్టీ దొరికింది. బుక్ చేస్తే ఆమెకు సంవత్సరం పోతుందని చిట్టీ చించి, కొత్త పేపరు ఇచ్చి కూర్చోబెట్టాను. దయ చూపానని అప్పుడు అనుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నావని ఆమెను అడగలేదు, ఆ సబ్జెక్టు ఎవరు చెప్పారో కనుక్కోలేదు, కాబట్టి తర్వాతి ఏడాది అదే బెంచీలో మరొకరు అదే పని చేసి ఉంటారు. మొదటిసారి దొరికినవారికి ఆ సబ్జెక్టు రద్దు చేసి, తిరిగి చదివి రాసేందుకు శిక్షణ తరగతి తప్పనిసరి చేయడం, ప్రతి కేసులో కారణాన్ని నమోదు చేయడం మేలైన పద్ధతి. ఒకే సబ్జెక్టులో ఏటా పదిమంది దొరుకుతుంటే ఆ నమోదు విభాగాధిపతి బల్ల మీదికి చేరాలి.

## ప్రాజెక్టు, పరిశోధన

ఇంజినీరింగ్ ప్రాజెక్టు హైదరాబాద్ అమీర్‌పేటలో కొనుక్కుంటే తప్పేమిటి? అందరూ అదే చేస్తున్నారు.

నాలుగేళ్ల చదువులో స్వయంగా ఒక వస్తువును తయారు చేసే అవకాశం ప్రాజెక్టు ఒక్కటే, దాన్ని అమ్మేసుకున్నట్టవుతుంది. అయితే కొనుగోలు ఇంత సులువుగా సాగడానికి కారణం మూల్యాంకనం. పది నిమిషాల వైవాలో రిపోర్టు అట్ట, స్లయిడ్లు చూసి మార్కులు వేస్తారు. వారం వారం పురోగతి నోట్‌బుక్‌లో రాయించి, మధ్యలో రెండుసార్లు ప్రోగ్రాంను అధ్యాపకుల ముందే మార్చి చూపమంటే కొన్నదెవరో చేసిందెవరో వెంటనే తెలుస్తుంది. కంపెనీలు బ్యాక్‌లాగ్ లేకుండా 60 శాతం ఉండాలని అడగడం కూడా ఈ తొందరకు కారణమే.

పీహెచ్‌డీ థీసిస్‌లో ఇతరుల రచనలతో ఎంత శాతం పోలిక ఉండొచ్చు?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలలోపు సరిచేసి మళ్లీ సమర్పించాలి, 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాదిపాటు సమర్పించే వీలుండదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. డిగ్రీ అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు ఈ నిబంధనల పరిధిలో లేవు. పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాలు సరిగ్గా అందకపోవచ్చు, అక్కడ పర్యవేక్షకుడు స్వయంగా చదవడమే దారి.

చాట్‌జీపీటీతో రాసిన అసైన్‌మెంట్‌ను సాఫ్ట్‌వేర్ పట్టేస్తుందా?

నమ్మకంగా పట్టలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీని విడుదల చేసిన సంస్థే తాను తయారు చేసిన గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఉపసంహరించుకుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివారి సొంత రచనను యంత్రం రాసిందిగా ఇలాంటి సాధనాలు పొరబడుతున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. మన పిల్లలను ఆ ఫలితం ఒక్కటే చూసి దోషులుగా తేల్చడం అన్యాయమవుతుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన ప్రతి విద్యార్థిని మూడు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వు రాసిన రెండో పేరా నాకు తెలుగులో చెప్పు అంటే సరిపోతుంది.

## మార్పు కోరేవారికి

మా విభాగంలో నేనొక్కడినే కొత్తగా చేరాను. నేను మారితే ఏం ప్రయోజనం?

మీ తరగతి మారుతుంది. అరవై అసైన్‌మెంట్లూ చదవలేకపోతే ఎంపిక చేసిన పదిహేను చదవండి, ప్రతిసారీ వేరే పదిహేను, ఎవరివి చదువుతారో ముందుగా చెప్పకండి. చదివిన దానిపై ఒక వాక్యమైనా రాయండి. చేయని ప్రయోగానికి సంతకం పెట్టకండి, పరికరం లేదని రాతపూర్వకంగా తెలియజేసి ఆ కాగితం నకలు దాచుకోండి. ఇంటర్నల్ పరీక్ష పేపర్లను వారంలోపు దిద్ది తిరిగి ఇవ్వండి.

విశ్వవిద్యాలయం ముందుగా ఏ ఒక్క పని చేయాలి?

ఖాళీ పోస్టులు నింపడం. ఇన్‌స్పెక్షన్ రోజున వేరే కళాశాల నుంచి అధ్యాపకులను తెచ్చి కూర్చోబెట్టడం, అరువు తెచ్చిన కంప్యూటర్లను ల్యాబులో పేర్చడం విద్యార్థులు కళ్లారా చూస్తారు. కళాశాలే తనిఖీ బృందం ముందు కాపీ కొడుతున్నప్పుడు ప్రిన్సిపాల్ ప్రసంగానికి విలువ ఉండదు. అందుకే ముందుగా చెప్పకుండా తనిఖీకి వెళ్లడం రెండో పనిగా ఉండాలి.

మా అమ్మాయి నిజాయితీగా రాస్తే తక్కువ మార్కులు వచ్చాయి, చూసి రాసినవాళ్లకు ఎక్కువ వచ్చాయి. ఆమెకు ఏం చెప్పాలి?

ఆమె కోపం న్యాయమైనదని ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత జవాబు పత్రం తెప్పించండి. రోజుకు పదుల కొద్దీ పేపర్లు దిద్దే ఒత్తిడిలో మంచి జవాబుకు తక్కువ మార్కు పడటం నేను చూశాను. రీవాల్యుయేషన్‌కు విశ్వవిద్యాలయం ప్రకటించిన గడువు తక్కువగా ఉంటుంది, ఫలితాలు వచ్చిన రోజే తేదీ చూసుకోండి. దిద్దిన తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో స్పష్టం చేసింది. పత్రం చేతికి వచ్చాక ఆ సబ్జెక్టు అధ్యాపకుడి పక్కన కూర్చోబెట్టి, ఏ జవాబుకు ఎందుకు మార్కు తగ్గిందో ఆమెతోనే అడిగించండి.